మందు చెప్పిన మనిషి ఎక్కడ?

సంక్రాంతి సెలవులు అయ్యాక మన ఏజెన్సీలోని ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు ప్రదర్శన పెట్టారు. పిల్లల పని చూసి మార్కులు వెయ్యడానికి మా రచయితల్లో ఇద్దరిని పిలిచారు. ఎనిమిదో తరగతికి ఇచ్చిన అంశం ‘మన ఊరి మందు మొక్కలు’. ఇంటికెళ్ళి పెద్దల్ని అడిగి రాసుకు రమ్మన్నారు. పిల్లలు చార్టుల మీద నాలుగు గడులు గీసి తెచ్చారు. మొక్క పేరు, వాడే భాగం, ఏ జబ్బుకు, ఎలా వాడాలి.

ఒక అమ్మాయి చార్టులో ఆరు మొక్కల పేర్లు ఉన్నాయి. రెండింటికి మాత్రమే గడులు నిండాయి. మిగతా నాలుగూ ఖాళీ. ఏమ్మా, ఎందుకు రాయలేదని అడిగితే, “మా తాత చెప్పలేదు సార్. ఇది అందరికీ చెప్పేది కాదన్నాడు” అంది. ఆమె పక్కన నిలబడ్డ అబ్బాయి చార్టు నిండుగా ఉంది. ముప్పై మొక్కలు, ముప్పై జబ్బులు. బస్టాండులో అమ్మే పుస్తకంలోంచి ఎక్కించాడని చూడగానే తెలుస్తోంది. మొదటి బహుమతి ఆ అబ్బాయికే వచ్చింది. ఆ అమ్మాయికి పదికి మూడు మార్కులు.

ఆ మార్కులు వేసింది మేమే. ఆదివాసీల గురించి రాస్తున్నామని చెప్పుకునే మేమే. తిరిగొచ్చే దారిలో జీపులో కూర్చున్నాక గాని మేం చేసిన పని మాకు అర్థం కాలేదు. తాతను నిజంగా అడిగిన పిల్లకు తక్కువ వేశాం, అడగని పిల్లాడికి ఎక్కువ వేశాం. తాత ఇచ్చిన జవాబును జవాబుగా తీసుకోలేకపోయాం. ఈ వ్యాసం ఆ తప్పులోంచి వచ్చింది.

ఆ నాలుగు గడుల పట్టిక పిల్లలు కనిపెట్టింది కాదు. మన వైద్యం మీద వచ్చిన పరిశోధనా వ్యాసాలు, శాఖల వాళ్ళు అచ్చేసిన చిన్న పుస్తకాలు, పత్రికల ఆదివారం అనుబంధాలు చాలావరకు ఆ పట్టికలోనే నడుస్తాయి. శాస్త్రీయ నామం, స్థానిక నామం, వాడే భాగం, ఉపయోగం. చివర్లో ఒక వాక్యం ఉంటుంది: ఈ సమాచారం ఫలానా మండలంలోని గిరిజనుల నుంచి సేకరించడమైనది. సేకరించడమైనది! చింతపండు సేకరించినట్టు, కరక్కాయలు సేకరించినట్టు. ఇచ్చింది ఎవరు, ఏ మాట మీద ఇచ్చారు, రాసుకుంటున్న సంగతి వాళ్ళకు తెలుసా అన్నది ఆ వాక్యంలో ఉండదు.

పట్టిక వల్ల మేలు లేదని మేం అనడం లేదు. ఒకే మొక్కకు సీతంపేటలో ఒక పేరు, పాడేరులో ఒక పేరు, భద్రాచలంలో మరో పేరు ఉంటుంది. రెండు వేరు వేరు మొక్కలకు ఒకే పేరు ఉండడమూ ఉంది. పేరు తారుమారైతే ప్రాణం మీదికి వస్తుంది. వృక్షశాస్త్రం ఇచ్చే పేరు అక్కడ పనికొస్తుంది. మా అభ్యంతరం అది కాదు. ఆ పట్టికే మన వైద్యం అనుకోవడం మీద మా అభ్యంతరం.

నేలవేమునే తీసుకుందాం. పట్టికలో అది ఒక్క వరస: నేలవేము, మొక్క మొత్తం, జ్వరం, కషాయం. మా ఎరుకలో మందిచ్చే ఒక పెద్దాయన దగ్గరికి జ్వరంతో వెళ్తే ఆయన మొక్క కోసం లేవడు. కూర్చోబెట్టి అడుగుతాడు. ఎన్నాళ్ళ నుంచి? చలితో వస్తుందా, చలి లేకుండానా? పొద్దునా, సాయంత్రమా? ఏం తిన్నావు? ఏ కొండకు పోయొచ్చావు? ఆడమనిషైతే కడుపుతో ఉన్నదేమో ముందు తెలుసుకుంటాడు, ఉంటే నేలవేము ఇవ్వడు. బాలింతకు ఒక లెక్క, పిల్లకు ఒక లెక్క. మందిచ్చాక పథ్యం చెబుతాడు. మూడో రోజు ఆయనే ఇంటికొచ్చి చూస్తాడు. తగ్గకపోతే, “ఇది నా చేతిలోది కాదు, ఆస్పత్రికి పోండి” అంటాడు. పట్టికలో ఉన్నది మొక్క. ఆయన చూసింది మనిషిని. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఎప్పుడు ఆపాలి అన్నదే ఆయన నేర్చుకున్న విద్య. దానికి ఏ గడీ లేదు.

ఇంకొకటి కూడా పట్టికలోకి రాదు. మొక్కతో ఆ మనిషికున్న నడవడి. వేరు తవ్వే ముందు దండం పెడతారు. ఆ చోట ఒక్కటే మొక్క ఉంటే ముట్టరు. పక్క వేరు తీసుకుని తల్లి వేరు వదిలేస్తారు, మట్టి కప్పి లేస్తారు. కొన్ని వారాల్లో తీయరు. ఇవన్నీ రాసేవాళ్ళు ‘నమ్మకాలు’ అన్న శీర్షిక కింద వేరే పేజీలో పెడతారు. మందు ఒక పేజీలో, నమ్మకం ఒక పేజీలో. ఆయన దృష్టిలో అవి రెండు కావు. నల్లమలలో మారేడు గడ్డల సంగతి చూడండి. నన్నారి షర్బత్తుకు వాడేది ఆ గడ్డే. ఇంటి అవసరానికి తవ్వుకున్నంత కాలం తీగ మళ్ళీ చిగిర్చేది. బజారు గిరాకీ పెరిగి, బరువును బట్టి డబ్బు రావడం మొదలైతే గడ్డ మొత్తం లేచిపోతుంది, తీగ చస్తుంది. మొక్కను రాసుకుని నడవడిని వదిలేస్తే జరిగేది ఇదే.

అలాగని ప్రతి ఆచారానికీ ఒక సైన్సు కారణం వెతికి పెట్టాల్సిన పని మనకు లేదు. మామిడి కొత్త పండుగ చేసేదాకా కాయ తినకపోతే టెంక ముదురుతుంది, మొలక వస్తుంది, కాబట్టి మనవాళ్ళు పర్యావరణవేత్తలు అని చెప్పడం మనకిప్పుడు అలవాటైంది. అందులో నిజం ఉంది. కానీ మా పెద్దాయన్ని అడిగితే అలా చెప్పడు. “ముందు పెట్టవలసిన వాళ్ళకు పెట్టకుండా మనం ఎలా తింటాం?” అంటాడు. ఆయన మాటను మన మాటలోకి మార్చుకుని గౌరవించామనుకుంటే, గౌరవించింది మన మాటనే. ముందు ఆయన చెప్పిన కారణాన్ని ఆయన చెప్పినట్టే వినాలి, రాస్తే అలాగే రాయాలి.

ఇక చెప్పకూడదన్న మాట. బయటివాళ్ళు దీన్ని స్వార్థమంటారు, మూఢత్వమంటారు. చదువుకున్న మన పిల్లలు కూడా, “దాచుకుని దాచుకుని తాతలు పోయారు, విద్య పోయింది” అంటారు. అందులో బాధ ఉంది, కాదనలేం. అయితే ఆ తాత దాచాడా, సరైన మనిషి కోసం ఆగాడా? మందు తెలిసినవాడికి బాధ్యత కూడా వస్తుంది. అర్ధరాత్రి పిలిస్తే లేచి వెళ్ళాలి. రేటు పెట్టి అమ్మకూడదు. మోతాదు తప్పితే చంపే మొక్కలు కూడా ఆయనకు తెలుసు. అలాంటిది నలుగురిలో చార్టు మీద రాయమంటే ఆయన వద్దన్నాడు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్ని మందులు ఇవ్వకూడదని చట్టం ఉంది. దాన్ని మనం మూఢనమ్మకం అనం.

చెప్పడం, చెప్పకపోవడం అనే ఈ మాట ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే కేరళలోని కాణీల కథ తెలుసుకోవాలి. మనదేశంలో ఆదివాసీ వైద్య జ్ఞానం గురించి మాట్లాడేవాళ్ళు తప్పకుండా చెప్పే కథ అది.

కేరళ, తమిళనాడు సరిహద్దులో అగస్త్య మల అడవులున్నాయి. అక్కడ కాణి ఆదివాసులు ఉంటారు. 1987లో పుష్పాంగదన్ అనే శాస్త్రవేత్త నాయకత్వంలో ఒక బృందం మొక్కల పరిశీలనకు ఆ అడవికి వెళ్ళింది. దారి చూపడానికి కాణీలు వెంట నడిచారు. కొండ ఎక్కుతూ శాస్త్రవేత్తలు అలసిపోయారు. కాణీలు మాత్రం ఏవో చిన్న కాయలు నములుతూ హుషారుగా నడుస్తున్నారు. అవేమిటని అడిగితే మొదట చెప్పలేదు. అది బయటివాళ్ళకు చెప్పే సంగతి కాదన్నారు. చాలా బతిమాలాక చూపించారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. ఆ పేరు తెలుగువాళ్ళకు కూడా అర్థమవుతుంది.

తరవాత తిరువనంతపురం దగ్గర పాలోడులో ఉన్న ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ ఆ మొక్క మీద పనిచేసింది. ఆకులో కూడా గుణం ఉందని తేల్చింది. దానికి అశ్వగంధ, పిప్పళ్ళు, విష్ణుక్రాంత కలిపి ‘జీవని’ అనే మందు తయారు చేసింది. 1995లో దాన్ని తయారు చేసి అమ్ముకునే లైసెన్సును కోయంబత్తూరులోని ఒక ఆయుర్వేద కంపెనీకి ఇచ్చారు. లైసెన్సు రుసుము 10 లక్షల రూపాయలు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ. అందులో సగం కాణీలకు ఇవ్వాలని సంస్థ నిర్ణయించింది. డబ్బు తీసుకోవడానికి 1997లో కాణీల పేరున ఒక ట్రస్టు పెట్టారు. 1999లో ఐదు లక్షల పైచిలుకు ఆ ట్రస్టుకు చేరింది. ఆదివాసీల జ్ఞానానికి వాటా ఇచ్చిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా దీనికి ప్రపంచమంతటా పేరొచ్చింది.

ఇది మంచి పనేనా? అప్పటికి అలా వాటా ఇవ్వమని మన దేశంలో చట్టం లేదు. జీవవైవిధ్య చట్టం వచ్చింది 2002లో. చట్టం అడగకముందే సగం ఇచ్చారు. ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ ఈ కథను చెప్పేవాళ్ళు ఒక ముక్క వదిలేస్తుంటారు. కాణీల్లో మందు తెలిసిన వైద్యులను ప్లాతీలు అంటారు. వైద్యం వాళ్ళ చేతిలోది. ఎవరికి నేర్పాలో నిర్ణయించేది వాళ్ళు. శాస్త్రవేత్తలకు మొక్క చూపించింది ప్లాతీలు కాదు, దారి చూపడానికి వెళ్ళిన కుర్రవాళ్ళు. 1995లోనే కొందరు ప్లాతీలు, మా విద్యను ప్రైవేటు కంపెనీలకు అమ్మడానికి మేం ఒప్పుకోమని కేరళ ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. అప్పటికి ట్రస్టు పుట్టనే లేదు. కాణీల ఊళ్ళన్నీ ఒక మాట మీద లేవు. కొన్ని ఊళ్ళవాళ్ళు సంస్థతో కలిసి నడిచారు, కొన్ని ఊళ్ళవాళ్ళు మాకు చెప్పలేదన్నారు. అంటే మాట అడగడం తరవాతకు పోయింది, డబ్బు పంచడం ముందుకు వచ్చింది.

రెండో ముక్క ఇంకా చేదు. మందుకు ఆకు కావాలి. ఆ మొక్క అడవి నీడలో పెరిగితేనే గుణం నిలుస్తుంది. ఆకు పెంచి, కోసి ఇవ్వడం కాణీలకు పనిగా ఉంటుందనుకున్నారు. కానీ అడవి నుంచి దాన్ని తేవడానికి అటవీశాఖ ఒప్పుకోలేదు. మొక్క గుణం చెప్పింది కాణీలు. ఆ మొక్క దగ్గరికి పోవడానికి హక్కు లేనిది కాణీలకే. పోడు కేసుల్లో తిరిగిన మన ఊళ్ళవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. జ్ఞానానికి డబ్బులిస్తాం, అడవి మాత్రం ఇవ్వం అంటే, చెట్టు కొట్టేసి పండుకు రేటు కట్టినట్టే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ విషయంలో మన చేతిలో ఏ కాగితాలున్నాయో మన యువకులకు, ఉపాధ్యాయులకు తెలియాలి.

2006 అటవీ హక్కుల చట్టాన్ని మనం పట్టాల చట్టంగానే చూస్తున్నాం. అందులో సెక్షన్ 3(1)(కె) ఉంది. జీవవైవిధ్యం మీద, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సముదాయానికి హక్కు ఉందని అది చెబుతుంది. సముదాయ హక్కుల దరఖాస్తులో దీన్ని కూడా అడగవచ్చు. ఎన్ని గ్రామసభలు అడిగాయి? మనమే అడగడం మరిచిపోయాం.

జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలోనూ ఒక కమిటీ ఉండాలి. అది ఊరివాళ్ళతో మాట్లాడి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఇది పూర్తి చెయ్యడానికి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టింది. దాటితే రాష్ట్రాలు నెలకు 10 లక్షలు కట్టాలంది. గడువు మెడ మీదికి వస్తే ఆఫీసుల్లో రిజిస్టర్లు ఎలా నిండుతాయో ఉద్యోగం చేసే మన వాళ్ళందరికీ తెలుసు. మీ పంచాయతీ రిజిస్టరు అడిగి చూడండి. అందులో మీ ఊరి వైద్యుల పేర్లు ఉన్నాయా? ఉంటే వాళ్ళను అడిగే రాశారా? లేక పక్క మండలం రిజిస్టరులోని పేజీలే ఇందులో కూడా ఉన్నాయా? చదవడం వచ్చిన ప్రతి యువకుడూ చెయ్యగలిగిన పని ఇది.

మరో సంగతి. పసుపు గాయాన్ని మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన దేశపు సి.ఎస్.ఐ.ఆర్. అభ్యంతరం చెప్పి 1997లో దాన్ని రద్దు చేయించింది. గెలిచింది ఎలా? పాత గ్రంథాల్లో, అచ్చయిన వ్యాసాల్లో రాసి ఉందని చూపించి. ఆ అనుభవంతోనే 2001 నుంచి సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం కడుతున్నారు. ఆయుర్వేదం, సిద్ధ, యునాని గ్రంథాలు అందులోకి ఎక్కాయి. మంచిదే. కానీ నోటితో నడిచిన మన వైద్యానికి గ్రంథం లేదు. గ్రంథం ఉన్న విద్యకు ఆ కాపలా దొరికింది, లేని విద్య వాకిట్లో నిలబడింది.

2023లో జీవవైవిధ్య చట్టాన్ని సవరించారు. గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునే దేశీయులకు లాభాల పంపిణీ నుంచి మినహాయింపు ఇచ్చారు. ఇక్కడ మనం ఆలోచించాలి. గ్రంథాలు రాసినవాళ్ళు మూలికలను ఎక్కడి నుంచి తెలుసుకున్నారు? అడవిలో తిరిగేవాళ్ళను అడగమని ఆయుర్వేద ఆచార్యులే తమ గ్రంథాల్లో చెప్పుకున్నారు. పసువుల కాపరులను, వేటగాళ్ళను, అడవిలో బతికేవాళ్ళను అడిగి తెలుసుకోమన్నారు. అలా అడిగి రాసుకున్నది ఇవాళ గ్రంథమైంది. గ్రంథమైంది కాబట్టి చెప్పినవాడికి వాటా ఇవ్వక్కర్లేదు. మొదట రాసుకున్నవాడి మర్యాద కూడా ఈ సవరణలో లేదు.

ఇంత చెప్పాక మన వైపు తప్పులు కూడా చెప్పుకోవాలి. గౌరవించడం అంటే ప్రతి మాటకూ తల ఊపడం కాదు. పాము కరిస్తే పసరు కోసం ఆగకూడదు. కట్లపాము విషానికి ఆస్పత్రిలో ఇచ్చే ఇంజెక్షనే మందు. మలేరియా అనుమానం వస్తే రక్త పరీక్ష చేయించాలి. సికిల్‌సెల్ ఉన్న పిల్లలను డాక్టరు చూడాలి. మంచి వైద్యుడు ఈ మాట తనే చెబుతాడు. చెప్పనివాడు వైద్యుడి వేషంలో ఉన్నాడనే అనుకోవాలి. చిల్లంగి పేరుతో ముసలివాళ్ళ మీద, ఒంటరి ఆడవాళ్ళ మీద వేలు చూపించి ప్రాణాలు తీసిన పాపం కూడా మన ఊళ్ళలో ఉంది. దాన్ని సంస్కృతి అని వెనకేసుకు రాకూడదు. అలా చంపినవాళ్ళ చేతుల్లో మందు తెలిసిన మనుషులు కూడా పోయారని గుర్తుంచుకోవాలి. ఇక ‘గిరిజన మూలికలు’ అని బోర్డు పెట్టి, ఈకల తలపాగా బొమ్మ వేసి పట్నంలో పొడులు అమ్మేవాళ్ళున్నారు. ఆ బొమ్మలోని మనిషి మన ఏ తెగలోనూ లేడు. ఆ పొడిలో ఏముందో మన పెద్దలకూ తెలియదు.

అయితే తగిన విమర్శ చెయ్యాలంటే ముందు ఎదురుగా కూర్చోవాలి. డాక్టరు చెప్పింది తప్పనిపిస్తే మరో డాక్టరు దగ్గరికి వెళ్తాం గాని, డాక్టర్లందరూ అజ్ఞానులని అనం. ఆ మాత్రం మర్యాద మన వైద్యులకూ దక్కాలి.

ఉపాధ్యాయులకు మా మనవి. ‘మందు మొక్కలు’ ప్రాజెక్టు ఇవ్వండి, కానీ గడులు మార్చండి. మొదటి గడిలో మొక్క పేరు వద్దు, చెప్పిన మనిషితో మీ చుట్టరికం రాయించండి. ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయించండి. ఏ మాట రాసుకోవచ్చన్నారు, ఏది వద్దన్నారు అన్నదానికి ఒక గడి పెట్టండి. వద్దన్నది ఖాళీగా వదిలితే దానికీ మార్కులు వెయ్యండి. వీలైతే ఆ పెద్దమనిషిని బడికి పిలిచి కుర్చీ వెయ్యండి. ఆయన కోయలోనో, సవరలోనో, కువిలోనో మాట్లాడితే పిల్లలే తెలుగులో చెబుతారు.

యువతకు మా మనవి. ఎవరైనా రికార్డర్‌తో ఊరికొస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరి తరఫున వచ్చారు? రాసుకున్నది ఎక్కడ ఉంటుంది? ఎవరు చూస్తారు? మేం వద్దంటే తీసేస్తారా? జవాబు గ్రామసభలో చెప్పమనండి. మంచి పరిశోధకుడికి ఈ ప్రశ్నల వల్ల ఇబ్బంది ఉండదు. ఇవే ప్రశ్నలు మీరు ఫోనులో తాత వీడియో తీసి పెట్టేటప్పుడు కూడా వేసుకోండి. ఒకసారి అందులోకి వెళ్ళిన మాటను తిరిగి ఇంటికి తెచ్చుకోలేం.

అన్నిటికంటే ముఖ్యం, ఆయన వెంట అడవికి వెళ్ళండి. కాణీ కుర్రవాళ్ళకు ఆ కాయ సంగతి నడుస్తూ తెలిసింది, చార్టు మీద కాదు. తాత చెప్పనన్నది బడికి, బయటివాళ్ళకు. నాలుగేళ్ళు వెంట తిరిగి, గంప మోసి, అర్ధరాత్రి ఆయనతో పాటు లేచి వెళ్ళిన మనవడికో మనవరాలికో చెప్పనన్నాడని మేం ఎక్కడా వినలేదు.

ఆ అమ్మాయి ఊరు మాకు తెలుసు. ఈ పుస్తకం అచ్చయ్యాక ఒక ప్రతి తీసుకుని వెళ్తాం. మార్కుల సంగతి ఆమెతో చెప్పి, తప్పు మాదేనని ఒప్పుకుంటాం. వాళ్ళ తాత ఒప్పుకుంటే కాసేపు ఆయన దగ్గర కూర్చుంటాం. పెన్ను జేబులోనే ఉంటుంది.